పదిమంది కోసం కుట్టిన బొంత

ఒకప్పుడు మన పల్లెల్లో నూలు చీర చిరిగినంత మాత్రాన పారేసేవాళ్లు కాదు. నాలుగైదు పాత చీరలు, పంచెలు ఒకదానిమీద ఒకటి పరిచి, ముడతలు లేకుండా లాగి, దబ్బనంతో దగ్గర దగ్గరగా కుట్లు వేస్తే బొంత తయారయ్యేది. చలికి కప్పుకోవడానికీ, పురిటి బిడ్డను పడుకోబెట్టడానికీ అదే ఆధారం. ఇలా ఇంటి అవసరం కోసం చేసే పనినే ముక్కూమొహం తెలియనివాళ్ల కోసం చేసినవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు.

గుడ్డముక్కలకూ దానానికీ ముడిపడిన పాత ఆధారాల్లో బౌద్ధ భిక్షువులు ధరించే వస్త్రమైన చీవరం ఒకటి. మగధలో గట్లు వేసి ఉన్న వరిమడులను చూపించి, అదే తీరున ముక్కలు కలిపి చీవరం కుట్టగలవా అని బుద్ధుడు తన శిష్యుడు ఆనందుణ్ణి అడిగినట్టు భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకం చెబుతుంది. భిక్షువులు వానాకాలంలో ఒకేచోట ఉండే వర్షావాసం ముగిశాక గృహస్థులు భిక్షుసంఘానికి వస్త్రమిచ్చే కఠిన చీవరదానం థేరవాద దేశాల్లో నేటికీ ఉంది. ఆ గుడ్డను కోసి, కుట్టి, రంగువేసే పని సంప్రదాయం ప్రకారం ఒక్కరోజులో ముగియాలి. ఇలా ముక్కలు అతికే పనికి మరో పాత ఆనవాలూ ఉంది: చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో పురావస్తు పరిశోధకుడు ఆరెల్ స్టైన్ సేకరించిన వస్తువుల్లో పట్టుముక్కలు అతికి కుట్టిన వస్త్రం ఉంది. అది 8-9 శతాబ్దాల నాటిది.

ఆధునిక కాలంలో బొంత ప్రజా ఉద్యమాల్లోకీ వచ్చింది. 1836లో అమెరికాలోని బోస్టన్‌లో బానిసత్వాన్ని వ్యతిరేకించే మహిళలు విరాళాల కోసం సంత పెట్టారు. అందులో నక్షత్రాల నమూనాతో ఉయ్యాల బొంత ఒకటి అమ్మారు. బిడ్డను దూరం చేసుకున్న బానిస తల్లిని తలుచుకోమని కోరే పద్యం దాని మధ్యలో సిరాతో రాసి ఉంది. దాన్ని రచయిత్రి లిడియా మరియా చైల్డ్ కుట్టారని చెబుతారు.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించేది 1841 నాటి ‘రాజా’ బొంత. ఆ ఏడాది ఏప్రిల్‌లో సుమారు 180 మంది స్త్రీ ఖైదీలతో ‘రాజా’ అనే ఓడ ఇంగ్లండ్ నుంచి బయలుదేరి, జులైలో ఇప్పటి టాస్మానియాలోని హోబార్ట్ చేరింది. జైళ్ల సంస్కరణకు పాటుపడిన ఎలిజబెత్ ఫ్రై, ఆమె తోటి మహిళల సంఘం ఓడ ఎక్కే ఖైదీలకు సూదులు, దారాలు, కత్తెర, గుడ్డముక్కలు ఇచ్చేవారు. దారి పొడవునా చేతికి పని ఉంటుంది, దిగిన చోట బతకడానికి ఒక విద్య ఉంటుంది అన్నది వాళ్ల ఆలోచన. ఆ ఓడలోని స్త్రీలు 2,815 ముక్కలతో మూడు మీటర్లకు పైగా పొడవు, వెడల్పు ఉన్న బొంత కుట్టారు. మధ్యలో తెల్లగుడ్డ మీద అద్దకపు బట్ట నుంచి కత్తిరించిన పక్షులు, పూలు అతికించారు. చుట్టూ రంగురంగుల ముక్కల వరసలు. కింది అంచులో, తమకు సూదీ దారం ఇచ్చిన మహిళలకు కృతజ్ఞతలు చెబుతూ అక్షరాలు కుట్టారు. దానం పుచ్చుకున్నవాళ్లే తిరిగి దాతలయ్యారు. ఇప్పుడది ఆస్ట్రేలియా జాతీయ కళా మ్యూజియంలో ఉంది. అద్దకపు పూలు కత్తిరించి అతికించే ఆ పద్ధతికి మూలం ఐరోపాకు ఎగుమతైన భారతీయ అద్దకపు వస్త్రాలు. మన మచిలీపట్నం ఉన్న కోరమాండల్ తీరం వాటికి పేరుపడ్డ చోటు.

తర్వాత యుద్ధాలు వచ్చాయి. 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధంలో సైనిక ఆసుపత్రుల కోసం స్త్రీలు మంచం కొలతకు వెడల్పు తక్కువ బొంతలు కుట్టి పంపారు. మొదటి ప్రపంచయుద్ధంలో రెడ్‌క్రాస్ కోసం, చందా ఇచ్చినవాళ్ల పేర్లను బొంత మీద కుట్టి నిధులు కూడబెట్టారు. యుద్ధాల్లోనే కాదు, వ్యాధి కాలంలోనూ బొంత ముందుకొచ్చింది. 1987 అక్టోబర్ 11న వాషింగ్టన్‌లో ఎయిడ్స్ స్మారక బొంతను మొదటిసారి పరిచారు. ఎయిడ్స్‌తో చనిపోయినవాళ్ల ఆప్తులు కుట్టిన 1,920 భాగాలతో అది మొదలైంది. ఒక్కోటి ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అంటే ఒక సమాధి కొలత. ఇప్పుడు ఆ భాగాలు దాదాపు 50,000. ప్రదర్శనల ద్వారా రోగుల సేవకు నిధులూ సమకూరాయి.

మన దేశంలో 1999లో మొదలైన ‘గూంజ్’ సంస్థ పాత బట్టలను సేకరించి, తొడుక్కోవడానికి పనికిరానివాటితో బొంతలు కుట్టిస్తోంది. ఆ కుట్టుపని కొందరు స్త్రీలకు జీవనోపాధి కూడా.

చిరిగిందని వదిలించుకోవడం దానం కాదు. ఎదుటివాళ్ల చలిని తలుచుకుని చేసిందే దానం. మీ బీరువాలో మెత్తబడిన నూలు చీరలుంటే ఉతికి, ఎండలో ఆరేయండి. దగ్గర్లోని వృద్ధాశ్రమానికో, అనాథాశ్రమానికో వెళ్లి ఏ కొలత కావాలో ముందు అడగండి. ఇంట్లో కుట్టు తెలిసిన పెద్దవాళ్లను కూర్చోబెట్టి, పిల్లల చేతికి సూది ఇవ్వండి. మీ ఇంటి బిడ్డకు ఎంత శ్రద్ధగా కుడతారో, వాళ్లకూ అంత శ్రద్ధగా కుట్టండి.