నడుము హెర్నియా: ఉత్తరాంధ్రకు శస్త్రచికిత్స చేరిన దారి

గజ్జల్లోనో బొడ్డు దగ్గరో పేగు జారడం (హెర్నియా) అందరూ ఎరిగిన జబ్బే. నడుము హెర్నియా మాత్రం అరుదు. వీపు కింది భాగంలో, పన్నెండో పక్కటెముకకూ తుంటి ఎముక అంచుకూ మధ్య కండరాలు పలచగా ఉన్నచోట లోపలి కొవ్వో పేగో బయటికి ఉబుకుతుంది. దగ్గితే ఉబ్బు పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. దీన్ని కొవ్వుగడ్డ అని పొరబడటమూ ఉంది.

ఈ జబ్బు ప్రస్తావన 1672లో వైద్యుడు బార్బెట్ చేశాడు. 1731లో గరాన్జో ఒక రోగి వివరాలు ప్రచురించాడు. నడుములోని ఆ పలచని చోట్లు రెండు త్రికోణాలు. తుంటి ఎముకకు ఆనుకున్న కింది త్రికోణానికి ప్యారిస్ సర్జన్ పెటీ పేరు నిలిచింది. పై త్రికోణాన్ని 1866లో గ్రిన్‌ఫెల్ట్, 1870లో లెస్‌గాఫ్ట్ వివరించారు. ఎక్కువ హెర్నియాలు వచ్చేది ఈ పై త్రికోణంలోనే.

కొందరికి ఇది పుట్టుకతోనే ఉంటుంది. పెద్దవాళ్లలో వయసు, బాగా చిక్కిపోవడం, ఏళ్ల తరబడి దగ్గు కండరాలను బలహీనపరుస్తాయి. మరికొందరికి కిడ్నీ ఆపరేషన్ కోత తర్వాత, తుంటి ఎముక నుంచి ముక్క తీసిన తర్వాత, ప్రమాదంలో నడుముకు దెబ్బ తగిలాక వస్తుంది.

మందులతో ఇది మానదు. లోపల పేగు బిగుసుకుంటే ప్రాణాపాయం. 1907లో సర్జన్ డౌడ్ పక్కనున్న కండరాన్ని, దాని పొరను తిప్పి సందు మూసే పద్ధతి చెప్పాడు. తర్వాత సందుపై కప్పే పాలీప్రొపిలీన్ వల, 1990లలో లాప్రోస్కోపీ వచ్చాయి. ఉబ్బులో ఏముందో, సందు ఎంతుందో సీటీ స్కాన్ తేలుస్తుంది.

వీటన్నిటికీ సర్జన్, మత్తు డాక్టర్, ఆపరేషన్ థియేటర్ కావాలి. ఉత్తరాంధ్రలో అవి విడతలుగా వచ్చాయి. 1923 జూలైలో విశాఖపట్నంలో వైద్య కళాశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) మొదలయ్యేనాటికి శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉంది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలయ్యాయి. అయినా చాలాకాలం పెద్ద ఆపరేషన్ అంటే కేజీహెచ్ ప్రయాణమే. ఇచ్ఛాపురం నుంచి అది రెండు వందల కిలోమీటర్లకు పైనే.

2002లో విజయనగరం జిల్లా నెల్లిమర్లలో మాన్సాస్ ట్రస్టు వారి మహారాజా వైద్య కళాశాల వెలిసింది. 2007 ఏప్రిల్ 1న పేదల ఆపరేషన్ ఖర్చు భరించే ఆరోగ్యశ్రీని తొలివిడతగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. మిగతావి మహబూబ్‌నగర్, అనంతపురం. 2008లో శ్రీకాకుళంలో, 2023లో విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి.