మిలిటరీ మాధవరం: శిలాఫలకం మీదికి ఎక్కని లెక్క

తాడేపల్లిగూడెంలో రైలు దిగి మాధవరం ఎటు అని అడిగితే, "మిలిటరీ మాధవరమేనా?" అని ఎదురడుగుతారు. పశ్చిమ గోదావరి జిల్లాలో వరి, చెరకు, కొబ్బరి పేరు చెప్పుకునే ఊళ్లు చాలా ఉన్నాయి. మా ఊరు చెప్పుకునేది పటాలం పేరు. మేజర్, కల్నల్, సుబేదార్ అని పిల్లలకు పేర్లు పెట్టుకున్న ఇళ్లు మా వీధుల్లో ఉన్నాయి.

పదిహేడో శతాబ్దంలో పూసపాటి మాధవవర్మ అనే ఏలిక పక్కనున్న ఆరుగొలనులో కోట కట్టించాడనీ, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తెచ్చిన యోధుల్ని ఇక్కడ నిలిపాడనీ, ఆయన పేరే ఊరికి వచ్చిందనీ పెద్దలు చెబుతారు. ఇది తరాలుగా నోటి మాటగా వస్తున్న కథ. మా తాతల కాలం నుంచి మాత్రం లెక్కలు కాస్త గట్టిగా వినిపిస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో యుద్ధానికి వెయ్యికి పైగా వెళ్లారని ఊళ్లో అందరూ చెప్పే మాట. ఒక్క పల్లె నుంచి అంతమంది! మగవాళ్లంతా వెళ్లిపోతే ఇక్కడ నాట్లు ఎవరు వేశారు, పశువుల్ని ఎవరు చూశారు అని నాకు చిన్నప్పటి నుంచీ అనిపించేది.

ఎందుకు వెళ్లారంటే ధైర్యం, వీరత్వం అని సభల్లో చెబుతాం. అది అబద్ధం కాదు గానీ, అదొక్కటే కాదు. 1914 నాటికి కాల్బలంలో సిపాయికి నెలకు 11 రూపాయల జీతం. ఇప్పుడది నవ్వులాటగా కనిపిస్తుంది గానీ, కూలీ కూడా ఏడాది పొడుగునా దొరకని రోజుల్లో నెల తిరిగేసరికి చేతికొచ్చే రొక్కం చిన్న విషయం కాదు. ఉన్న రెండెకరాల్ని నలుగురు అన్నదమ్ములు పంచుకోవలసిన ఇంట్లో ఇద్దరు పటాలానికి వెళితే, మిగిలిన ఇద్దరికి పొలం చాలేది. వెళ్లినవాళ్ల మనియార్డర్లతో అప్పు తీరేది, చెల్లెలి పెళ్లి జరిగేది. మాలో చాలామంది ఇళ్ల పునాదుల కింద ఉన్నది ఆ డబ్బే.

డబ్బుతో పాటు చదువూ వచ్చింది. బ్రిటిష్ కాలపు సైన్యంలో సిపాయిలకు హిందుస్తానీని ఇంగ్లీషు అక్షరాలతో నేర్పేవారు. బడి ముఖం చూడని మనిషి పటాలం నుంచి తిరిగొచ్చాక దరఖాస్తు రాయగలిగేవాడు, ఆఫీసులో అధికారి ఎదుట కుర్చీలో కూర్చుని మాట్లాడగలిగేవాడు. ఆ తెగువ పిల్లలకూ అబ్బింది. ఊళ్లో ఆడపిల్లల్ని చదివించాలన్న పట్టుదల మొదట పట్టింది మిలిటరీ ఇళ్లకే అని నేను గట్టిగా నమ్ముతాను. దేశమంతా తిరిగి చూసిన మనిషి పిల్లల్ని పొలం గట్టు దగ్గరే ఆపడు.

అయితే ఈ కొలువు అందరికీ ఒకేలా పెట్టలేదు. రెండో యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో సుమారు 25 లక్షల మంది ఉన్నారు. 1945 తర్వాత వాళ్లలో ఎక్కువమందిని ఇళ్లకు పంపేశారు. యుద్ధం కోసం చేరి నాలుగైదేళ్లు చేసినవాళ్లకు పెన్షన్‌కు సరిపడా సర్వీసు లేదు. ఎడారుల్లో, బర్మా అడవుల్లో పోరాడి వచ్చిన మనిషికి మెడల్స్ ఉన్నాయి, డిశ్చార్జి కాగితం ఉంది, నెలనెలా వచ్చేది మాత్రం ఏమీ లేదు. మళ్లీ నాగలి పట్టారు. వాళ్ల ముసలితనంలో ప్రభుత్వం కొంత సాయం ఇచ్చినా, అది చూడకుండా వెళ్లిపోయినవాళ్లే ఎక్కువ.

ఆ అనుభవం వల్లే స్వాతంత్ర్యం తర్వాత చేరిన తరానికి పెన్షన్ అంటే ప్రాణం. సిపాయికి 15 ఏళ్ల సర్వీసు నిండితే జీవితాంతం పెన్షన్. ఆయన పోతే భార్యకు ఫ్యామిలీ పెన్షన్. కేంటీన్ కార్డు, 2003 నుంచి మాజీ సైనికులకు ఈసీహెచ్‌ఎస్ వైద్యం, ఉద్యోగాల్లో రిజర్వేషన్. ముసలితనంలో కొడుకు ముందు చెయ్యి చాచకుండా బతికిన తల్లులు మా ఊళ్లో ఎంతమందో. ఈ మేలు ముందు మిగతావన్నీ తర్వాతే అని నేనంటాను.

ఆ తల్లులు కట్టిన మూల్యమూ చెప్పాలి. జవానుకు ఏడాదికి 60 రోజుల సెలవు, మరో 30 రోజుల క్యాజువల్ లీవు. అదీ యూనిట్ వదిలితేనే. జమ్ము నుంచి తాడేపల్లిగూడెం చేరడానికే రెండు రోజుల పైన పట్టేది. ఫ్యామిలీ క్వార్టర్స్ దొరికేది కొన్నాళ్లకే, సరిహద్దు పోస్టింగ్ అయితే అసలు లేదు. మా నాన్న పటాలంలో ఉన్న ఏళ్లలో కౌలు మాట్లాడింది అమ్మ, కాలవ నీటి కోసం కామందులతో తగువు పడింది అమ్మ, పిల్లలకు జ్వరం వస్తే రాత్రికి రాత్రి బండి కట్టించింది అమ్మ. నాన్న సెలవు మీద వస్తే మేం తలుపు చాటున నిలబడి చూసేవాళ్లం. చనువు ఏర్పడేసరికి ఆయన ట్రంకు పెట్టె సర్దుకునేవారు. 1962, 1965, 1971 యుద్ధాలప్పుడు రేడియో వార్తల వేళకు మా వీధిలో పొయ్యిలు వెలిగేవి కావు. టెలిగ్రాం అంటే ఆ ఇంట్లోనే కాదు, ఊరంతా వణికేది.

పదవీ విరమణ కూడా తేలికేమీ కాదు. సిపాయి ముప్పై అయిదు, నలభై మధ్య ఇంటికొస్తాడు. పిల్లలు అప్పటికి హైస్కూల్లో ఉంటారు. పెన్షన్‌లో కొంత అమ్ముకుని, అంటే కమ్యుటేషన్ చేసుకుని, ఇల్లు కడతాడు. అమ్మిన ఆ భాగం మళ్లీ రావాలంటే 15 ఏళ్లు ఆగాలి. అందుకే నిన్నటి హవల్దార్ ఇవాళ బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీతో నిలబడతాడు. మోకాళ్లు అరిగి ఉంటాయి, మంచు ప్రాంతాల్లో చేసినవాళ్లకు వినికిడి, ఊపిరి ఇబ్బందులు ఉంటాయి. బయట ఎవరితోనూ చెప్పుకోరు.

2022 జూన్‌లో అగ్నిపథ్ అనే కొత్త సైనిక భర్తీ పథకం వచ్చింది. నాలుగేళ్ల కొలువు, మొదటి ఏడాది నెలకు 30 వేలు, నాలుగో ఏడాది 40 వేలు, చివర్లో దాదాపు 11.71 లక్షల సేవానిధి. నూటికి 25 మంది దాకా ఉంచుకుంటారు, మిగతావాళ్లు పెన్షన్ లేకుండా ఇంటికి. అంతకు ముందు రెండేళ్లు భర్తీ ఆగిపోయి, వయసు దాటిపోతున్న కుర్రాళ్ల ఆక్రోశం సికింద్రాబాద్ స్టేషన్‌లో మంటలై లేచింది. ఒక ప్రాణం పోయింది. మంటలు పెట్టడాన్ని నేను సమర్థించను. కానీ తెల్లవారుజామున 1600 మీటర్ల పరుగును అయిదున్నర నిమిషాల్లో ముగించాలని గుండెలు ఎగిసిపడేలా పరిగెత్తే పిల్లల్ని మా రోడ్ల మీద చూసినవాణ్ణి కనుక, ఆ బాధ నాకు తెలుసు. సైన్యానికి యువరక్తం కావాలన్న వాదనలో న్యాయం ఉంది. పెన్షన్ల భారం ఖజానాకు బరువే. అయినా ప్రాణాన్ని పణంగా పెట్టే కొలువుకు జీవితకాలపు భరోసా ఉండాలన్నది నా అభిప్రాయం. అది లేకపోతే ఏమవుతుందో 1945 తర్వాత మా ఊరు ఒకసారి చూసింది.

అయినా పిల్లలు వెళుతూనే ఉన్నారు. వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: కాగితాలన్నీ చదివి సంతకం పెట్టండి, ఆ నాలుగేళ్లలోనే డిగ్రీ పూర్తి చేసుకోండి, సేవానిధిని ఇంటి శ్లాబులో పోసెయ్యకండి.

ఊరివాళ్లకు మరో మనవి. స్మారక స్థూపం దగ్గర ఏటా పూలమాలలు వేస్తున్నాం, మంచిదే. కానీ తాతల డిశ్చార్జి పుస్తకాలు, ఉత్తరాలు, మనియార్డరు రసీదులు అటకల మీద చెదలు తింటున్నాయి. వాటిని పంచాయతీలో ఒకచోట చేర్చండి. 1971 నాటికి కాపురానికొచ్చిన ఆడవాళ్లు ఇంకా కొందరు మన మధ్యే ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు చెప్పేది ఈ ఏడాదే రాసి పెట్టండి.