బీవరుల కాపురము – మన వావివరుసలు



మన తెలుగువారి వావివరుసలను పట్టిక గట్టి ప్రకటించిన అమెరికా పండితుడొకడు, అంతకు మూడేండ్లు ముందు ఒక నీటిజంతువును గూర్చి పెద్ద గ్రంథము వ్రాసెను. ఆతడు లూయిస్ హెన్రీ మోర్గను (1818–1881); వృత్తిచే న్యాయవాది. రైలుమార్గపు వ్యవహారముపై 1855 ప్రాంతమున మిచిగను అడవులకు బోయి, చేపలు పట్టుటకై వాగులవెంట దిరుగుచు, బీవరులు గట్టిన కట్టలను జూచి, వానిని కొలుచుటకు బూనుకొనెను. బీవరుల గ్రంథము 1868లోను, వావివరుసల గ్రంథము 1871లోను వెలువడినవి.

బీవరు మన దేశమున లేదు. ఉత్తర అమెరికా, ఐరోపా, ఆసియాల వాగులు దాని నెలవులు. ఎలుక, ఉడుత, మన జూబిలీహిల్సులోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానమున నుండు ఏదుపంది – ఇవన్నియు దానికి దూరపు చుట్టములు. అది పండ్లతో చెట్లు కొట్టి, కొమ్మలు, రాళ్లు, బురదతో వాగునకడ్డముగ కట్ట వేయును. నిలిచిన నీటినడుమ ఇల్లు గట్టి, వాకిలి నీటియడుగున నుంచును. తోడేలునకు దారి దొరకదు. చలికాలమునకు వలయు కొమ్మలను నీటిలోనే నిలువ చేసికొనును.

దాని కాపురము మరింత ముచ్చటైనది. ఆలుమగలు సాధారణముగ ఏండ్ల తరబడి కలిసియుండును. ఒకే యింట తలిదండ్రులు, ఆ యేటి కూనలు, క్రిందటేటి పిల్లలు నివసించును. పెద్దపిల్లలు కట్టపనిలో చేయి సాయమిచ్చును. అపాయము తోచినప్పుడు వెడల్పైన తోకతో నీటిని ఫట్టున గొట్టి తనవారిని హెచ్చరించును. రెండేండ్లు నిండిన పిల్ల సాధారణముగ పుట్టినిల్లు విడిచి, జోడు వెదకికొని, వేరొకచోట కాపురము పెట్టును. తలిదండ్రులు పాతకట్టను విడువక మరమ్మతు చేయుచుందురు. కొన్ని కట్టలు తరతరముల పనియని మోర్గను తలంచెను.

ఇక వావివరుసలు. మోర్గను అమెరికా ఆదివాసులగు ఇరొక్వాయీలలో పినతండ్రిని తండ్రియనియే, తల్లి తోబుట్టువును తల్లియనియే పిలుచుట గమనించెను. ఇట్టి పద్ధతియే తమిళ, తెలుగు, కన్నడ దేశములందు గలదని తెలిసి విస్మితుడయ్యెను. మనకు పెదనాన్న, పినతల్లి బిడ్డలు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు; మేనమామ, మేనత్త బిడ్డలు బావామరదళ్లు. ఈ పోలికను బట్టి ఆ యాదివాసులు ఆసియానుండి వచ్చిరని ఆతడు వాదించెను. వారి పూర్వులు ఆసియావారే యని నేటి శాస్త్రము వేరు సాక్ష్యములతో నంగీకరించినను, వరుసల పోలిక యొక్కటియే దానికి నిదర్శనము గాదు. అయినను మన యింటిమాటలు లోకశాస్త్రమున కెక్కినవి. నేడు మన బిడ్డలు అందరిని ‘అంకుల్’, ‘ఆంటీ’ యని పిలుచుచుండగా, ఆ వివేకము మన నాలుకపైనుండియే జారుచున్నది.

బీవరుకును అట్టి యాపదయే కలిగెను. దాని బొచ్చుతో టోపీలు చేయుటకై 1670లో స్థాపింపబడిన హడ్సను బే కంపెనీ మొదలగు వర్తకులు అమెరికాలో తోళ్లు కొనిరి; వేటచే ఇరువదవ శతాబ్దారంభమునకు ఐరోపా, ఆసియాలలో సుమారు పన్నెండువందలు మాత్రము మిగిలెను. పిమ్మట స్వీడనువారు 1922లోను, స్కాట్లండువారు 2009లోను వానిని మరల తెచ్చి విడిచిరి. నీరు నిలిచి, చేపలు, పక్షులు చేరినవి. జంతువులకును బుద్ధి గలదని, వానియెడ మనుష్యునికి ధర్మము గలదని మోర్గను తన గ్రంథాంతమున వాదించియుండెను.

జూబిలీహిల్సు చెంతనున్న దుర్గం చెరువు ఒకప్పుడు గోలకొండ కోటకు నీరిచ్చినది. చుట్టును మేడలు లేచి, నీటిచోటు తగ్గినది. కట్ట కట్టుటకంటె కాపాడుట కష్టము. పిల్లలు పట్నమునకు బోవుట ప్రకృతిధర్మమే. బీవరు పిల్లయు పోవును. కాని మిగిలిన పెద్దలు కట్టను, వరుసలను విడువరాదు. గండి పడిన పిదప పిలిచినను నీరు రాదు.