తెలుగునాట క్రైస్తవ మహిళా సేవాసమాజాలు

తెలుగునాట క్రైస్తవ మహిళా సేవాసమాజాలు అనగా పేద స్త్రీల, బాలికల విద్య, వైద్యం, ఉపాధి, ఆశ్రయం కొరకు క్రైస్తవ మహిళలు స్వచ్ఛందంగా ఏర్పరచుకొన్న సంఘాలు. వీటిలో కొన్ని అమెరికా, కెనడా, ఇంగ్లండు దేశాలలో పుట్టి ఇక్కడి పాఠశాలలకు, ఆసుపత్రులకు ధనసహాయం చేసినవి. మరికొన్ని తెలుగు స్త్రీలే తమ సంఘాలలో నడుపుకొన్న స్త్రీల సమాజాలు. 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో మొదలైన ఈ సేవ రూపం మార్చుకొంటూ నేటికీ కొనసాగుతున్నది. ధనవంతుల పెద్ద విరాళాలకంటె, సామాన్య గృహిణులు వారం వారం దాచిన చిల్లర నాణేలు, వంటకు ముందు తీసి ఉంచిన గుప్పెడు బియ్యం ఈ సంఘాలకు ముఖ్యాధారాలు కావడం వీటి ప్రత్యేకత.

నేపథ్యం

19వ శతాబ్దం మధ్యభాగం వరకు విదేశీ మిషన్ల నిర్వహణ అంతా పురుషుల చేతిలోనే ఉండేది. మిషనరీల భార్యలు బాలికలకు చదువు చెప్పినప్పటికీ వారికి హోదాగాని, జీతంగాని ఉండేది కాదు. అవివాహిత స్త్రీలను విదేశాలకు పంపుటకు పాలక మండలులు సాధారణంగా సమ్మతించేవి కావు. అదే కాలంలో భారతదేశంలో అనేక కుటుంబాల స్త్రీలు పరాయి పురుషుని ఎదుటికి వచ్చేవారు కారు. ప్రసవ సమయంలో ప్రాణాపాయం ఏర్పడినా పురుష వైద్యునికి చూపించేవారు కారు. వీరిని చేరుటకు స్త్రీలే ఉపాధ్యాయినులుగా, వైద్యులుగా రావలసిన అవసరం ఏర్పడింది.

ఈ అవసరం వలన మహిళల స్వతంత్ర సంఘాలు పుట్టినవి. 1869లో అమెరికాలోని బోస్టను నగరంలో మెథడిస్టు మహిళలు తమ విదేశీ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. ఆ సంఘం పంపిన డాక్టర్ క్లారా స్వేన్ 1870లో బరేలీ చేరి స్త్రీలకు వైద్యం ప్రారంభించింది. 1871లో బాప్టిస్టు మహిళలు, 1879లో జనరల్ సినడ్ లూథరన్ మహిళలు ఇటువంటి సంఘాలనే ఏర్పరచుకొన్నారు.

కెనడాలో హన్నా మరియా నోరిస్ అనే ఉపాధ్యాయిని కథ ఇందుకు మంచి ఉదాహరణ. ఆమె బర్మా వెళ్ళి సేవ చేయదలచినపుడు తమవద్ద నిధులు లేవని మండలి చెప్పింది. ఆమె 1870లో నోవా స్కోషియాలోని కాన్సో గ్రామంతో మొదలుపెట్టి ఊరూరా తిరిగి మహిళా సహాయక సంఘాలను నెలకొల్పింది. 1875లో ఆ ప్రాంతపు బాప్టిస్టుల మిషన్ తన పనిని తెలుగు దేశానికి మార్చుకొన్నది. ఆ విధంగా అట్లాంటిక్ తీరంలోని జాలరి పల్లెల స్త్రీలు కూడబెట్టిన సొమ్ము శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం ప్రాంతాల బాలికల చదువుకు చేరింది.

నిధుల సేకరణ

మెథడిస్టు మహిళా సంఘంలో సభ్యత్వ రుసుము వారానికి రెండు సెంట్లు మాత్రమే. చేతిలో సొంత ఆదాయం లేని గృహిణి కూడ ఇంటి ఖర్చులో మిగుల్చుకొని ఇవ్వగలిగిన మొత్తం అది. ఇంట్లో ఒక చిన్న పెట్టె ఉంచి అందులో నాణేలు వేయడం, ఆ పెట్టెలను సంవత్సరానికి ఒకటి రెండుసార్లు సంఘంలో తెరవడం పలుచోట్ల ఆచారమైంది. లెక్కలు వ్రాయడం, సభలు నడపడం, పత్రికలు వెలువరించడం అన్నీ స్త్రీలే చేసేవారు. ఆ రోజులలో వారికి ఓటు హక్కు కూడ లేదు. కావున దూరదేశపు బాలికలకు సహాయం చేయడంతోపాటు, దాతలైన స్త్రీలు తామే నిర్ణయాలు చేయుట నేర్చుకొన్నారు.

తెలుగు గ్రామాలలో నగదుకు బదులు ధాన్యం వాడుకలోకి వచ్చింది. ఇల్లాలు అన్నం వండేముందు గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేసి ఉంచుతుంది. ఆదివారం నాడు ఆ బియ్యం గుడికి తెచ్చి ఇస్తారు. దోర్నకల్ అధ్యక్ష మండలంలో ఈ అలవాటు బాగా ప్రచారమైంది. కూలిపని చేసుకొనే కుటుంబాలు కూడ ఇందులో పాల్గొనేవి. సహాయం పొందవలసిన వారు సైతం దాతలు కావచ్చుననే భావన ఈ పద్ధతిలో ఇమిడి ఉన్నది.

తెలుగు జిల్లాలలో సేవ

వైద్యం

తెలుగు జిల్లాలలో స్త్రీల వైద్యానికి మార్గదర్శి డాక్టర్ అన్నా సారా కుగ్లర్ (1856-1930). పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా పొందిన ఈమె 1883లో గుంటూరు వచ్చింది. లూథరన్ మండలి ఈమెను మొదట వైద్యురాలిగా కాక, స్త్రీలకు చదువు చెప్పే ఉపాధ్యాయినిగా పంపింది. అయినప్పటికీ వచ్చిన నాటినుండి ఆమె రోగులను చూడసాగింది. 1885లో ఆమెకు వైద్య మిషనరీగా నియామకం లభించింది. స్వదేశంలోని మహిళా సంఘాలు సమకూర్చిన నిధులతో 1898లో గుంటూరులో స్త్రీల, పిల్లల ఆసుపత్రి ప్రారంభమైంది. నేడు దీనిని కుగ్లర్ ఆసుపత్రి అంటారు. ఆమె సేవకు కైజర్-ఇ-హింద్ పతకం లభించింది. ఆమె గుంటూరులోనే మరణించింది.

కాథలిక్కులలో జె.ఎం.జె. సభకు చెందిన డచ్చి సన్యాసినులు 1904లో గుంటూరు వచ్చి విద్య, వైద్య రంగాలలో పనిచేశారు. గుంటూరులోని సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రి వీరిదే.

విద్య

విదేశీ మహిళా సంఘాలు రాకముందే ఈ పనికి పూనుకొన్న తెలుగు స్త్రీ జ్ఞానమ్మ (1822-1874). గుంటూరు జిల్లా ఫిరంగిపురానికి చెందిన గాదె వారి ఇంటి కోడలు. అయిదుగురు కుమారుల తల్లి. మద్రాసు సమీపంలోని కీలచేరిలో 1863లో బాలికలకు పాఠశాల ప్రారంభించింది. బాలికలకు చదువెందుకను కాలంలో గృహస్థురాలైన ఒక స్త్రీ ఈ పని తలపెట్టడం గమనింపదగినది. మద్రాసు, ఫిరంగిపురం సెయింట్ ఆన్స్ సన్యాసినుల సభలు రెండూ ఈమెను తమ మూలస్థాపకురాలిగా గౌరవిస్తాయి.

హైదరాబాదులో మెథడిస్టు మహిళల ఆధ్వర్యంలో 1895లో స్టాన్లీ బాలికల పాఠశాల స్థాపించబడింది. ఉన్నత విద్యకు మద్రాసు మహిళా క్రైస్తవ కళాశాల (1915), వేలూరు వైద్య విద్యాలయం (1918) వివిధ దేశాల, శాఖల మహిళా సంఘాలు కలిసి పోషించిన సంస్థలు. తెలుగు జిల్లాల నుండి కూడ విద్యార్థినులు వీటిలో చేరి ఉపాధ్యాయినులుగా, వైద్యులుగా తిరిగి వచ్చారు.

బైబిలు స్త్రీలు

విదేశీ మహిళల పేర్లు నివేదికలలో నిలిచినవి గాని, రోజువారీ పని ఎక్కువగా చేసినది బైబిలు స్త్రీలు అని పిలువబడిన స్థానిక తెలుగు స్త్రీలు. వీరిలో వితంతువులు ఎక్కువ. కొద్దిపాటి చదువు, స్వల్ప వేతనంతో వీరు కాలినడకన పల్లెలకు పోయేవారు. మతబోధతోపాటు అక్షరాలు నేర్పడం, రోగులను ఆసుపత్రికి తీసుకొనిపోవడం, బాలికలను బడికి పంపమని తల్లిదండ్రులను ఒప్పించడం వీరి పనులు. భర్త పోయిన స్త్రీకి గౌరవంగా బ్రతుకుటకు దారులు తక్కువైన రోజులలో ఈ ఉద్యోగం ఒక ఆధారమైంది.

చేతిపనులు

పేద స్త్రీలకు ఇంటివద్దనే ఆదాయం కల్పించుటకు మిషనరీ మహిళలు లేసు అల్లిక నేర్పారు. గోదావరి తీరంలో నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలోను, దుమ్ముగూడెంలోను ఈ పరిశ్రమ వేళ్ళూనింది. తరువాతి కాలంలో వ్యాపారం మధ్యవర్తుల చేతిలోకి పోయింది. జర్మను సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన గ్రంథంలో నరసాపురం లేసు కార్మికుల స్థితిని వివరించింది. దినమంతా అల్లుతున్నా, తీరిక వేళ పని చేసే గృహిణులుగా వారిని లెక్కించడం వలన వారికి అతి తక్కువ కూలి దక్కుతున్నదని ఆమె చూపింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం బ్రిటిషు పాలనలో బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి నుండి విడిపోయి ఆంధ్రలో చేరినవి. ప్రొటెస్టంటు మిషన్ల చరిత్రలో బళ్ళారికి ప్రాముఖ్యం ఉన్నది. లండన్ మిషన్ 1810లోనే అక్కడ పని ప్రారంభించింది. 1876-78 నాటి మహాక్షామం బళ్ళారి, కర్నూలు జిల్లాలను తీవ్రంగా దెబ్బతీసింది. క్షామపీడిత ప్రాంతాలలో అనాథలైన పిల్లలకు మిషన్లు ఆశ్రయాలు తెరిచినవి. కాథలిక్కు సంఘాలకు 1967లో కర్నూలు కేంద్రంగా ప్రత్యేక పీఠం ఏర్పడింది.

ఆదోని ప్రత్తి వ్యాపారానికి, ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని స్థాపించాడు. పట్టణాలలో వ్యాపారం ఉన్నప్పటికీ చుట్టుపట్ల పల్లెలు వర్షాధారమైనవి. పంటలు పోయిన ఏడు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు, ప్రత్తి తీతకు వలసపోతాయి. దీనిని స్థానికంగా సుగ్గికి పోవడం అంటారు. తల్లిదండ్రులతో పోయిన బాలికకు ఆ ఏటి చదువు ఆగిపోతుంది. చెల్లెళ్ళను, తమ్ముళ్ళను చూచుకొనే బాధ్యత కూడ చాలావరకు ఆమె మీదనే పడుతుంది. ఒకసారి బడి మానిన బాలికకు త్వరగా పెళ్ళి చేయడం, ఆమె తిరిగి బడికి రాకపోవడం సాధారణం. 2011 జనగణన నాటికి కర్నూలు జిల్లా స్త్రీలలో అక్షరాస్యులు సుమారు సగం మందే.

బళ్ళారి, ఆదోని ప్రాంతాలలో బాలికలను దేవతకు అర్పించే బసివి ఆచారం కూడ ఉండేది. బసివిగా విడువబడిన బాలికకు వివాహం ఉండదు. ఈ దురాచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1988లో చట్టం చేసింది.

ఇటువంటి ప్రాంతంలో బాలికకు కావలసినది ప్రధానంగా తల్లిదండ్రులు వలసపోయిన నెలలలో ఉండుటకు చోటు, తిండి. మిషన్ల కాలంలో బాలికల వసతి గృహాలు పలుచోట్ల ఈ అవసరాన్నే తీర్చినవి. ప్రభుత్వం 2004లో ప్రారంభించిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, వలస కుటుంబాల పిల్లల కొరకు నడిపే కాలానుగుణ వసతి గృహాలు కూడ అదే సూత్రం మీద పనిచేస్తాయి.

స్వాతంత్ర్యానంతరం

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తరువాత వివిధ మిషన్ల స్త్రీల సమాజాలు ఒకే మహిళా సహవాసం క్రిందకు వచ్చినవి. ఆంగ్లికన్ సంఘాలలో అంతకుముందు నుండి మదర్స్ యూనియన్ పనిచేసేది. దీనిని మేరీ సమ్నర్ 1876లో ఇంగ్లండులో స్థాపించింది. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య భార్య అంబు తెలుగు గ్రామాల తల్లుల మధ్య ఈ సంఘాన్ని వ్యాపింపజేసింది.

1956లో శాంతి సాలమన్ అనే భారతీయ మహిళ అతిచిన్న నాణెపు సహవాసాన్ని ప్రారంభించింది. అంతర్జాతీయ మహిళా బృందంతో ఆసియా దేశాలలో పర్యటిస్తున్న ఆమెకు కొరియా వెళ్ళుటకు అనుమతి దొరకక మనీలాలో ఆగిపోవలసి వచ్చింది. అప్పుడు ఆమెకు ఈ ఆలోచన కలిగింది. ప్రార్థించిన ప్రతిసారి తన దేశపు అతిచిన్న నాణెం ఒకటి ప్రక్కన పెట్టడమే ఇందులోని నియమం. ధనిక దేశపు స్త్రీ అయినా, పేద దేశపు స్త్రీ అయినా ఇచ్చేది అతిచిన్న నాణెమే. అలా చేరిన సొమ్ము పలు దేశాలలో స్త్రీల, పిల్లల సంక్షేమ పథకాలకు వినియోగించబడుతున్నది. పూర్వం పడమటి దేశాల నుండి తూర్పుకు ఒకవైపే సాగిన దానం దీనితో అన్ని దేశాల మధ్య పరస్పరమైంది.

విమర్శలు

ఈ సేవ మీద కొన్ని విమర్శలు ఉన్నవి. విద్య, వైద్యం మతమార్పిడికి సాధనాలుగా వాడబడినవనేది వానిలో ప్రధానమైనది. తొలి మిషనరీలు మతప్రచారాన్ని తమ ముఖ్యోద్దేశంగా బహిరంగంగానే చెప్పుకొన్నారు. అయితే ఆసుపత్రులకు, పాఠశాలలకు అన్ని మతాలవారు వచ్చారు. గుంటూరు ఆసుపత్రి వద్ద రోగుల బంధువుల కొరకు విశ్రాంతి గృహం కట్టించిన ఏలూరు జమీందారు హిందువే.

దాతలు పేద స్త్రీలను అజ్ఞానులుగా, దయకు పాత్రులుగా మాత్రమే చూచారనేది రెండవ విమర్శ. మెథడిస్టు మహిళా సంఘపు పత్రిక పేరులోనే ఇక్కడి స్త్రీలను కించపరచే పదం ఉండేది. 1896లో ఆ పేరు మార్చారు.

మూడవది అధికారానికి సంబంధించినది. 20వ శతాబ్దంలో అమెరికాలోని మహిళా సంఘాలు ఒకటొకటిగా పురుషుల మండలులలో విలీనమైనవి. ప్రెస్బిటేరియన్ మహిళల మండలి 1923లో విలీనమైంది. తాము కూడబెట్టిన నిధుల మీద స్త్రీలకు నిర్ణయాధికారం తగ్గింది. తెలుగు సంఘాలలో కూడ బియ్యం, కానుకలు సేకరించుట స్త్రీల వంతు, ఖర్చు నిర్ణయించుట పురుషుల వంతు అయిన సందర్భాలు ఉన్నవి.

నాయకత్వం

ఈ పరిస్థితిలో ముఖ్యమైన మార్పు కర్నూలు జిల్లాలోనే సంభవించింది. ఆ జిల్లాలోని దిగువపాడు గ్రామంలో జన్మించిన ఎగ్గోని పుష్పలలిత 2013 సెప్టెంబరులో నంద్యాల అధ్యక్ష మండలానికి బిషప్పుగా అభిషిక్తురాలైంది. దక్షిణ ఇండియా సంఘంలో ఆ పదవి పొందిన మొదటి స్త్రీ ఈమె. అప్పటికి నంద్యాల కర్నూలు జిల్లాలోనే ఉండేది. 2022లో అది ప్రత్యేక జిల్లా అయింది.

1870లో నిధులు లేవన్న మండలి ఎదుట నోరిస్ చిల్లర నాణేలు పోగుచేయవలసి వచ్చింది. 1883లో కుగ్లర్ వైద్యురాలై ఉండి ఉపాధ్యాయిని పేరుతో రావలసి వచ్చింది. అక్కడినుండి ఒక తెలుగు స్త్రీ అధ్యక్ష మండలాన్ని పాలించే వరకు సుమారు నూట నలభై సంవత్సరాలు పట్టింది. మరొకవైపు అదే పూర్వ కర్నూలు జిల్లా పడమటి పల్లెలలో సుగ్గి కాలం రాగానే బడి మానే బాలికలు నేటికీ ఉన్నారు. ఈ సంఘాలు మొదట చేపట్టిన పని అక్కడ ఇంకా పూర్తికాలేదు.

ఇవి కూడా చూడండి

ఆదోని
ఎమ్మిగనూరు
అన్నా సారా కుగ్లర్
దక్షిణ ఇండియా సంఘం
నరసాపురం లేసు పరిశ్రమ