ఊతపదం ఎవరి సొత్తు? – అమెరికా మల్లప్రదర్శనలో ప్రేక్షకుని పాత్ర

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే నిర్ణయమై ఉంటాయని తెలిసీ ప్రేక్షకుడు ఎందుకు ఉద్వేగపడతాడు? 1957లో వెలువడిన ‘మిథాలజీస్’లో రోలాఁ బార్త్ దీనికి సమాధానం చెప్పాడు. ప్రేక్షకుడు కోరేది ఫలితాన్ని కాదు. బాధ, ఓటమి, న్యాయం కళ్లకు కట్టడాన్ని. అయితే బార్త్ పరిశీలించిన ఫ్రెంచి మల్లులు ప్రధానంగా దేహంతో మాట్లాడినవారు. 1990ల అమెరికా మల్లుడు మైకు పట్టుకున్నాడు. కనుక అతని ఊతపదాన్ని విడిగా చూడవలసి ఉంది.

1996 జూన్ 23న మిల్వాకీలో జరిగిన ‘కింగ్ ఆఫ్ ది రింగ్’ తుదిపోరులో స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్ జేక్ రాబర్ట్స్‌ను ఓడించాడు. రాబర్ట్స్‌ది అప్పుడు బైబిలు వల్లించే పరివర్తితుని పాత్ర. అతణ్ణి ఎద్దేవా చేస్తూ, యోహాను సువార్త 3:16కు పేరడీగా ఆస్టిన్ ‘ఆస్టిన్ 3:16’ అన్నాడు. ఆ వచన సంఖ్య రాసిన అట్టలు అమెరికా క్రీడామైదానాలలో అప్పటికే సుపరిచితం కాబట్టి వ్యాఖ్యానం అవసరపడలేదు. కథలో ఆస్టిన్ ప్రతినాయకుడు. మాట దైవదూషణకు ఆమడ దూరంలో కూడా లేదు. ఏవగింపు కలగవలసిన చోట ప్రేక్షకులు ఆ మాటను అట్టల మీద రాసుకున్నారు, చొక్కాల మీద ధరించారు. 1997 మార్చి 23న రెసిల్‌మేనియా 13లో బ్రెట్ హార్ట్ పట్టులో రక్తమోడుతూ, లొంగక స్పృహ తప్పిన ఆస్టిన్‌కే జేజేలు దక్కాయి. గెలిచిన హార్ట్ ప్రతినాయకుడయ్యాడు. ప్రేక్షకుల తీర్పును కథ వెనుకనుండి అనుసరించిందనే నా అభిప్రాయం.

రాక్ విషయంలో ఈ సంబంధం మరోలా కనిపిస్తుంది. చిరునవ్వుల నాయకునిగా 1996లో ప్రవేశపెట్టిన అతణ్ణి సభ తిరస్కరించింది. ప్రతినాయకుడై, తనను తాను ప్రథమపురుషలో చెప్పుకోవడం మొదలుపెట్టాకనే ఆదరించింది. ‘లక్షలాది’ అని అతడు ఆగితే మిగిలినది ప్రేక్షకులు పూరిస్తారు. బుర్రకథలో వంతలు వేదిక మీద ఉంటారు; ఇక్కడ టిక్కెట్టు కొన్నవారే వంతలు.

2001లో మళ్లీ ప్రతినాయకుడైన ఆస్టిన్, ఎదుటివారి మాటను తుంచడానికి ‘ఏమిటి?’ అని పదేపదే గద్దించాడు. ప్రేక్షకులు దానిని లాక్కున్నారు. వేమన మకుటంతో అజ్ఞాతకవులు పద్యాలు కట్టినట్లే, ఆ పదానికి కర్తతో నిమిత్తం లేకుండా పోయింది. కాకపోతే వేమన మకుటం పద్యాన్ని ముగిస్తుంది. ఇది వాక్యాన్ని సాగనివ్వదు. ఆస్టిన్ రంగం విడిచిన తరువాత కూడా, ఎవరు మాట్లాడుతూ ఊపిరి పీల్చుకోవడానికి ఆగినా ఆ విరామంలోకి ‘ఏమిటి?’ వచ్చి పడుతూనే ఉంది.