ఆఖరి మూరెడు బెల్టు

ఆదివారం ఉదయం. బెంగళూరు సర్జాపుర రోడ్డు మీది హారన్లు ఈ సెల్లార్‌లోకీ వినిపిస్తున్నాయి. మీ ఎదురుగా తెల్ల స్విఫ్ట్ తళతళలాడుతోంది.

"సింగిల్ ఓనర్ సార్, యాభై వేలు కూడా తిరగలేదు" అంటున్నాడు అమ్మేవాడు. ధర బయటికంటే లక్ష తక్కువ. మీతో వచ్చిన మెకానిక్ అన్నది మదనపల్లె. ఇక్కడే షెడ్డు పెట్టుకున్నాడు. ధర మాట పట్టించుకోకుండా ముందు సీటు బెల్టు పట్టుకుని చివరంటా లాగాడు.

రోజూ బయటికొచ్చే భాగం శుభ్రంగా ఉంది. రీలులో చుట్టుకుని ఉండే ఆఖరి మూరెడు మీద మట్టి చార. కడిగినవాడు అక్కడిదాకా లాగలేదు. మీరూ వంగి ఫోన్ లైటు వేశారు. సీటు పట్టాలకు తుప్పు. కార్పెట్ అంచు ఎత్తితే సెంటు వాసన కిందనుంచి ముక్కిపోయిన కంపు. డిక్కీలో స్టెప్నీ తీస్తే గుంటలో ఎండిన ఒండ్రు.

"మునిగిన బండి సార్. 2022దేమో" అన్నాడు అన్న, గొంతు తగ్గించి.

ఆ ఏటి సెప్టెంబరు వరద మీకూ గుర్తే. ఈ రోడ్డు పక్క లేఔట్ల నుంచి జనాన్ని పడవల్లో, ట్రాక్టర్లలో బయటికి తెచ్చారు. సెల్లార్లలో కార్లు నిలువునా మునిగాయి. నీళ్లు తాగిన వైరింగ్ వెంటనే చెడిపోదు; తుప్పు నెలల తరబడి పాకుతుంది, ఎయిర్‌బ్యాగ్ వైర్ల దాకా. కొంటే, రేపు పిల్లల్ని ఎక్కించుకుని రాత్రిపూట ఊరికి బయల్దేరేది ఈ బండిలోనే.

"ఇంకో పార్టీ వస్తోంది, పదివేలు ఫోన్‌పే చేయండి" అంటున్నాడతను. మీరు చేయరు. ఆర్మీ ఆఫీసరునని చెప్పి, బండి ఎయిర్‌పోర్టులో ఉందంటూ ముందే డబ్బు లాగే మోసం ఈ ఊళ్లో పాతదే.

రెండో బండి బనశంకరిలో. ఆటోలోనే ఎంపరివాహన్ యాప్ తెరిచి నంబరు కొట్టారు: కేఏ 05. బీమా ఉంది, ఫైనాన్స్ ఇంకా ఉన్నట్టే చూపిస్తోంది. ఇంటికెళ్లి అడిగితే ఓనరు పెద్దాయన బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చి బల్లమీద పెట్టారు. అప్పు తీరిపోయింది, రికార్డులోంచి తీయించలేదంతే. బెల్టులు లాగితే చివరిదాకా నలుపే. ఆర్‌సీలోని ఛాసిస్ నంబరును అన్న బండి మీద అంకె అంకెకూ వేలు పెట్టి సరిచూశాడు.

"29, 30 ఫారాలు సంతకం చేసిచ్చేస్తా, పేరు మీరు తీరిగ్గా మార్చుకోండి బాబూ."

"వద్దండీ. మీ పేరు రికార్డులో ఉండగా నేనెవరినైనా గుద్దితే పరిహారం మీ మెడకే చుట్టుకుంటుంది. 2018లో సుప్రీంకోర్టు చెప్పింది అదే."

పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నారు. "మరి బండిని మీ ఊరికి, ఆంధ్రాకు తీసుకెళ్తారా?"

"ఇప్పుడే కాదండీ. తీసుకెళ్తే ఇక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ తీసుకోవాలి. ఏడాది దాటితే అక్కడి నంబరుకు మారి, అక్కడి టాక్సూ కట్టాలి. ముందు ఫైనాన్స్ తీయించి, బదిలీకి పెడదాం. జయనగర్ ఆర్టీవోకు ఇద్దరం కలిసే వెళ్దాం."

"అయితే రేపే పదండి" అన్నారాయన.