రామాయణంలో లేని కేతిగాడు

తోలుబొమ్మలాట తెలుగునాట ప్రాచీనమైన కళారూపమని పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోని ప్రస్తావనను బట్టి తెలుస్తున్నది. రంగనాథ రామాయణంలోని ద్విపదలు పాడుతూ రాత్రంతా నడిపే ఈ ఆటలో, ఆ కావ్యంలో ఎక్కడా కానరాని కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు అనే హాస్యపాత్రలు కథ నడుమ పదేపదే తెరమీదికి వస్తుంటాయి.

గణపతి, సరస్వతుల ప్రార్థన ముగియగానే మొదట కనిపించేది ఈ బృందమే. బంగారక్క వయ్యారం, జుట్టుపోలిగాని ఉడుకుమోతుతనం, ఇద్దరి మధ్య దూరి తగవు పెట్టే కేతిగాని కొంటెతనం కలిసి సరసంగా మొదలై తన్నులాటగా ముదురుతాయి. తెర వెనుక ఆటగాడు కాలికింది చెక్కను తొక్కినప్పుడల్లా వచ్చే చప్పుడు, తెరమీద బొమ్మకు తగిలిన దెబ్బగా ప్రేక్షకులకు వినిపిస్తుంది.

ఈ హాస్యం కేవలం వినోదం కోసం పుట్టినది కాదు. ఒక ఘట్టం ముగిసి మరొక ఘట్టానికి బొమ్మలు సర్దుకునే వ్యవధిని నింపడం, నడిరేయి కునుకు తీసేవారిని మేలుకొలపడం, కానుకలిచ్చినవారిని పొగిడి ఇవ్వనివారిని ఎత్తిపొడవడం కేతిగాని పనులే. రాముడు ద్విపదకు కట్టుబడి పలకవలసి ఉండగా, కేతిగాడు ఆ ఊరి యాసలో, ఆనాటి ఊరి సంగతులను అప్పటికప్పుడు మాటల్లో పెట్టగలడు. సంస్కృత నాటకంలోని విదూషకుడు, అనగా నాయకుని వెన్నంటి ఉండే హాస్యగాడు, ప్రాకృతంలో మాట్లాడినా కథలో భాగమే. కేతిగాడు మాత్రం కథకు బయట నిలబడి దానిని వెక్కిరించగలడు.

ఇళ్లలో మరాఠీ మాండలికం మాట్లాడుతూ ప్రదర్శనలో తెలుగు పలికే ఆరె కుటుంబాలు రాయలసీమలో ఈ కళను తరతరాలుగా నిలిపాయి. కర్ణాటకలోని బొమ్మలాట కళాకారులకు 'కిళ్ళేక్యాత' అన్న పేరు వారి ఆటలోని హాస్యపాత్ర నుండే వచ్చింది. జనం దృష్టిలో ఆటకు గుర్తు నాయకుడు కాదు, నవ్వించేవాడేనని దీనివల్ల స్పష్టమవుతుంది.

సినిమా, టెలివిజన్ల రాకతో రాత్రంతా సాగే ఆటలు తగ్గిపోగా, ఒకనాడు ఆటబొమ్మలకు పేరుపొందిన నిమ్మలకుంట గ్రామంలో నేడు తోలుతో దీపపు గొడుగులు, గోడ అలంకారాలు తయారవుతున్నాయి. అయినా కుటుంబ నియంత్రణ, ఆరోగ్యం వంటి విషయాల ప్రచారానికి ప్రభుత్వం తోలుబొమ్మలను ఆశ్రయించినప్పుడు, ఆ మాటలు చెప్పే బాధ్యత హాస్యపాత్రలకే దక్కింది. ఏ కావ్యానికీ కట్టుబడని నోరు వారిదే గనుక కొత్త విషయం వారి నోట ఎబ్బెట్టుగా వినిపించలేదు.